పోయిండన్న మాట

బతికున్న మనిషి ఫోటోకు దండ వేస్తే ఎవరికి ఒళ్లు మండదు? "అనసూర్యా, కరీంనగర్ల ఫోటోల ప్రదర్శన పెట్టిన్రు, అండ్ల మీ ఇల్లుంది. నీ మొగనికి దండేసిన్రే!" అని యాదవ్వ చెప్పగానే కలుపు పని అక్కడే వదిలేసి బస్సెక్కాను.

నా మొగుడు లక్ష్మణ్ దుబాయిలో ఉన్నాడు. ఫోను చేసి ఏళ్లయింది, నిజమే. అక్కడ ఇంకొకతెను పెట్టుకున్నాడని ఊరంతా గుసగుస. వస్తాడని నేను, రాడని ఊరు. నా వైపు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు.

హాల్లో గోడకు మా ఇల్లు వేలాడుతోంది. ఫోటో నిండా మా లోపలి పసుపు గోడే. ఆ రంగు ఒకప్పుడు లక్ష్మణ్ ఫోనులో కోరి వేయించుకున్నది. దాని మీద అతని పటం, పటానికి బంతిపూల దండ. ఓర్నీ, అది దసరాకు నేను గుమ్మానికి కట్టిన దండ! పండుగప్పుడు ఊరికొచ్చి ఫోటోలు తీసుకుపోయిన ఆ మహాతల్లి వాకిట్లో కూర్చుని గుమ్మంలోంచి తీసిందేమో, దండ వంపు సరిగ్గా అతని మెడలో పడింది. నేను ఒక అంచున ఉన్నాను, సగం చెంప, సగం భుజం. గోడకు రంగు వేసింది నేను, మూలకు తోసింది నన్ను!

ఫోటో తీసిన మధులిక పక్కనే నిలబడి జనానికి వివరిస్తోంది.

"గీ ఇంట్ల పెద్ద జాగ ఆయనదే. ఆయన లేకున్నా ఆమెకు మిగిలింది అంచే. పసుపంటే పండుగ రంగు. కానీ ఇది పండుగ అయిపోయిన ఇల్లు."

జనం పక్కకు వెళ్లేదాకా ఓర్చుకుని మీదికి పోయాను.

"ఏందమ్మా గిది? నా మొగడు సచ్చిండని నీకెవలు చెప్పిన్రు?"

మధులిక మొహం తెల్లబోయింది. "నువ్వే కదక్కా! మీ ఆయనేడున్నడంటే, పోయిండు అన్నవ్."

"దుబాయి పోయిండంటి!"

"దుబాయి మాట అనలే అక్కా. పోయిండని కండ్లు తుడుచుకున్నవ్."

అనలేదేమో. ఆ ఊరి పేరు చెప్పడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

"తప్పయిందక్కా, ఇప్పుడే తీసేస్త," అని మధులిక ఫోటో మీద చెయ్యి వేసింది. అప్పుడే లోపలికొచ్చిన ఒక ముసలామె ఫోటోను చూసి, నన్ను చూసి, గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పొలం నుంచి వచ్చిన మొహం నాది, చెమటకు బొట్టు కూడా కరిగిపోయింది.

"అయ్యో బిడ్డా! ఎప్పుడు పోయిండే?"

ఊళ్లో నన్ను చూస్తే మూతులు తిప్పేవాళ్లే. ఇలా చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు.

"శాన ఏండ్లాయె అవ్వా, పోయి," అన్నాను. ఆ చెయ్యి వదలకుండా నిలబడి ఏడ్చాను.

మధులిక ఫోటో పట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఉండనియ్యి," అన్నాను.