వంటగట్టు పరీక్ష

ప్రచండమార్తాండకిరణసంతప్తమై భూమండలమెల్ల వేగుచుండ వడగాలి వేపచెట్ల పండుటాకులను సుడులు త్రిప్పుచు రేకులచూరులను చిటపటలాడించుచుండ గుంటూరు పట్టణమునకు వెలుపల రహదారి చెంతనున్న యొక శుశ్రూషాలయమున వ్యాధివార్ధకజర్జరితదేహలగు పండ్రెండుగురు స్త్రీలు వరుసమంచములపై పరుండి ప్రొద్దెప్పుడు వాలునాయని కిటికీలవంక చూచుచుండిరి. అది వైశాఖమాసపు మధ్యాహ్నము.

ఆ శుశ్రూషాలయమునకు పెద్దనర్సు ఎస్తేరురాణి. రోగిజనసేవాపరాయణయు నిద్రాహారనిరపేక్షయు నగు నామెను అందరును సిస్టరమ్మయని పిలుచుచు తల్లివలె తలచుచుండిరి. అయినను ఆమెకొక దోషము గలదు. కంటితో చూచినదానికంటె కాగితముపై వ్రాసినదానిని ఆమె హెచ్చుగా నమ్మును.

అచ్చట నొక యాచారము గలదు. స్వస్థత నొంది యింటికి పోగోరు ప్రతి స్త్రీయు శుశ్రూషాలయమందలి రాతి వంటగట్టునొద్ద నిలుచుండి దేనిని ఆనుకొనక గ్యాసుపొయ్యిపై గిన్నెడు పాలు కాచి చూపవలయును. కాచినవారు గృహమునకు పోవుదురు. కాచలేనివారికి స్వయంపాకాసమర్థురాలని పెద్దనర్సు వ్రాయును. బ్రహ్మవ్రాతనైనను తుడువవచ్చునుగాని ఆ వ్రాతను తుడువరాదు.

మంగళగిరి సాలెవీధికి చెందిన నాంచారమ్మ నిస్సంతానయగు వితంతువు. గడప తట్టుకొని పడి తొడయెముక విరిగి యచ్చటికి చేరెను. ఆరుమాసములకు ఎముక అతికెను. పరీక్షాదినమున ఆమె గట్టునొద్ద నిలుచున్నంతనే కాళ్లు వణకెను. పాలు పొంగి పొయ్యిపాలయ్యెను. ఆమె గోడను పట్టుకొని కూలబడెను. ఎస్తేరురాణి అసమర్థురాలని వ్రాసెను. మఱి రెండుమారులు పరీక్షించియు అదియే వ్రాసెను. ఈ విధమున మూడు సంవత్సరములు గడచెను.

ఆ మూడేండ్లును నాంచారమ్మ పొరుగింటి నేస్తురాలు తులశమ్మ ప్రతి పౌర్ణమికిని సంచి చేతబట్టుకొని బస్సెక్కి వచ్చి "దాన్ని నా పక్కింటికి పంపండి సిస్టరమ్మా. ఇద్దరం ఒకళ్లకొకళ్లం తోడుంటాం" అని వేడుకొనుచుండెను. ఎస్తేరురాణి ఆమెకు కాగితము చూపి త్రిప్పి పంపుచుండెను. మూడవయేటి కార్తికమాసమున తులశమ్మ గతించెను. ఆ వార్త విని నాంచారమ్మ గోడవైపు తిరిగి పరుండి రెండుదినములు మెతుకు ముట్టదయ్యెను.

ఇప్పుడీ వైశాఖమధ్యాహ్నమున గ్యాసు నిండుకొనెను. వంటమనిషి పెరటిలో మూడిటుకలు పేర్చి కట్టెలు ముట్టింపబూని పొగకు దగ్గి కన్నీరు కార్చుచుండ నాంచారమ్మ మంచము దిగి నేలపై దేకుచు వసారా దాటి పెరటికి వచ్చెను. "తప్పుకో అమ్మాయ్. నీకు పొగ బెట్టడమే వచ్చు" అని నవ్వి ఒక కాలు ముడిచి మఱియొక కాలు చాచి పొయ్యిముందర కూర్చుండెను. ఆకలిగొన్న పండ్రెండుగురకు గంటలోపల అన్నమును మామిడికాయపప్పును సిద్ధమయ్యెను. ద్వారముననే నిలిచి సర్వము చూచుచున్న ఎస్తేరురాణి పొయ్యియొద్దకు వచ్చెను.

"నీకింత పని చేతనవునని నాతో ఎందుకు చెప్పలేదు నాంచారమ్మా?"

"వంట వచ్చా అని మీరడిగారా సిస్టరమ్మా? నిలబడమన్నారు. నిలబడ్డాను. నేను పుట్టి బుద్ధెరిగాక మా వీధిలో నిలబడి వండినవాళ్లని చూడలేదు. కూర్చుని నూలు కండెలు చుట్టాను, కూర్చునే కూడొండాను. గట్టు దగ్గర చెప్పబోతే మీరప్పటికే రాసేస్తున్నారు."

ఆడలేక మద్దెల ఓడనుట లోకమెరిగిన మాట. ఇచ్చట మద్దెలయే ఓడుకాగా ఆడుదానిని మూడేండ్లు మంచమునకు కట్టివేసితినిగదా యని ఎస్తేరురాణి పశ్చాత్తాపదందహ్యమానమానసయై ఆ రాత్రి కన్నుమూయదయ్యెను. కన్నుమూయబోయినపుడెల్ల తులశమ్మ పౌర్ణమినాటి సంచి చేతబట్టుకొని గుమ్మమున నిలుచుండెను.

మరునాడు ఆమె శుశ్రూషాలయాధికారి వరాహమూర్తికి జరిగినదంతయు విన్నవించెను. ఆయన చిరునవ్వు నవ్వి "మన చికిత్సవల్ల నయమైందని రాసి పంపండి. పామూ చస్తుంది, కర్రా విరగదు. మీకు పేరు కూడా వస్తుంది" అనెను. ఎస్తేరురాణి కలము పట్టుకొనెను. అట్లు వ్రాసినయెడల నాంచారమ్మ ఇల్లు చేరును. పెద్దనర్సు పదవియు నిలుచును. కాని ఆ గట్టునొద్దనే తప్పినవారు మఱి యేడుగురు లోపల పరుండియుండిరి. వారిలో నిలుచుండి వండినవారెందరో ఆమె యెన్నడును అడిగి యెరుగదు. ఆమె యిట్లు వ్రాసెను: "మూడేండ్లుగా ఈమెయందు లోపము లేదు. లోపము నా పరీక్షయందున్నది. తప్పిన యేడుగురిని వారివారి యింటి పద్ధతిని మరల పరీక్షింపవలయును."

ఆ వాక్యములకు ఫలముగా ఆమె పెద్దనర్సు పదవి పోయెను. ఏడుగురిలో నలుగురు వర్షాకాలము రాకమునుపే తమ యిండ్లకు చేరిరి.

నాంచారమ్మను ఎస్తేరురాణి స్వయముగా మంగళగిరికి తోడ్కొనిపోయెను. అంతకు ముందే ఆమె యచ్చటికి రెండుమారులు పోయి గడపను చెక్కించి వాలుగా చేయించెను. లేచుటకు పట్టుగా దూలమునకు త్రాడు కట్టించెను. ఉదయసాయంకాలములు తొంగిచూచుటకు ఎదురింటి మగ్గమువారిని ఒప్పించెను. ఆటో దిగినంతనే నాంచారమ్మ తన యింటిని చూడలేదు. తాళము వేసియున్న ప్రక్కయింటి తలుపును చూచెను.

"నన్ను క్షమింపుము నాంచారమ్మా" అని ఎస్తేరురాణి తల వంచుకొనెను.

"మీమీద కోపం పెట్టుకుని ఏం చేసుకోను సిస్టరమ్మా? ఇల్లు చేర్చారు. కానీ దానితో కలిసి తినాల్సిన మూడేళ్ల ముద్ద మీరు తెచ్చివ్వలేరుగా." అట్లని నాంచారమ్మ పొయ్యి రాజేసి ఒక పీట ముందరకు త్రోసెను. "కూర్చోండి. రెండు మెతుకులు తిని వెళ్లండి."

ఎస్తేరురాణి పీటపై కూర్చుండి కన్నీళ్లతో కలిపి భుజించెను. భోజనానంతరమున లేవబోగా ముప్పదియేండ్లుగా కుర్చీకి అలవడిన మోకాళ్లు సహకరింపవయ్యెను. ఒకమారు ప్రయత్నించి కూలబడెను. రెండవమారును అట్లే యయ్యెను.

నాంచారమ్మ బుగ్గను చేయి చేర్చుకొని "అయ్యో, లేవలేరా? మరి మిమ్మల్ని ఎన్నేళ్లు మంచాన పడుకోబెట్టాలి సిస్టరమ్మా?" అనెను.

పరుల బలమును తన గట్టుతో కొలుచువాడు ఎప్పుడో యొకనాడు పరుల పీటపై కూర్చుండవలసివచ్చును. అంతట నాంచారమ్మ నేలపై దేకుచు వచ్చి దూలమునుండి వ్రేలాడుచున్న త్రాటికొనను ఆమె చేతికి అందిచ్చెను.