బోర్డెక్కిన జపాన్ మృగం

శుక్రవారం మొదటి ఆట వదిలేసరికి టికెట్టక్క గుండెల్లో రాయి పడింది. హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు నలభై మందికి మించరు. వాళ్ళలో సగం మంది మొహాలు గంటు పెట్టుకునే వచ్చారు.

ఆమె అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ సినిమా హాలు టికెట్ల గదిలో, చెయ్యి మాత్రమే పట్టే కంత వెనక కూర్చుంటుంది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ టికెట్టక్కే. ఏ సినిమా తెప్పించాలో తేల్చేది ఓనరు. ఈ జపాన్ సినిమాను మాత్రం పట్టుబట్టి తెప్పించింది ఆమే. సముద్రంలోంచి పన్నెండంతస్తుల మృగం లేచి నగరం మీద పడుతుంది. సిటీబస్సు నడిపే ఓ ఆడమనిషి ఆసుపత్రిలో చిక్కుకుపోయిన రోగులను బయటికి చేరుస్తుంది. ఫోనులో రెండు నిమిషాల ట్రైలర్ చూసి, వారం రోజులు ఓనరు ప్రాణం తోడేసింది. "ఈ ఒక్కసారి నా మాట వినండి సార్. ఆడకపోతే మళ్ళీ నోరెత్తను," అంది. ఆయన విన్నాడు. ఇప్పుడు ఆయనకు మొహం ఎలా చూపించాలో ఆమెకు తోచలేదు.

మెట్ల దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళను వచ్చినట్టే సినిమా ఎలా ఉందని అడిగింది.

"ఏముందక్కా, జంతువు కనబడింది పదకొండు నిమిషాలు. నేను టైం చూసుకున్నా. మిగతాదంతా మనుషుల ఏడుపే," అన్నాడు వాచీలు బాగుచేసే అతను. టైం విషయంలో అతని మాట కాదనడానికి లేదు.

"తెర కింద మాటల అక్షరాలు చదివి తలెత్తేలోపు అది వంతెనని కొట్టేసి వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు ఓ పెద్దాయన. "కొట్టడం నేను చూడనే లేదు. కూలిన వంతెన చూశానంతే."

మందుల షాపామె మాత్రం వాచీలతనికి అడ్డం తగిలింది. "ఏడవక నవ్వుతారా? ఊరంతా కూలిపోతుంటే ఆ బస్సు నడిపే పిల్ల వాళ్ళమ్మకి ఫోన్ చేసి కూర వండావా అని అడుగుతుంది చూడు, అక్కడ నాకు గొంతు పట్టేసింది."

"ఆ ఫోన్లో నాలుగు నిమిషాలు మాట్లాడింది. అంతసేపూ జంతువు ఎక్కడికి పోయినట్టు?"

ఇద్దరూ వాదించుకుంటూనే వీధి మలుపు తిరిగారు.

సాయంత్రం ఓనరు వచ్చాడు. కోప్పడలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధనిపించింది. "ఆదివారం దాకా ఉంచుదాం. సోమవారం పాత హిట్టేదైనా వేసేద్దాం. పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున ఆమె హాలు తలుపులు తీస్తుంటే, నిన్నటి వాదన ఇంకా చెవుల్లో మోగుతోంది. నచ్చని సినిమా చూసినవాళ్ళు మాట్లాడకుండా ఇంటిదారి పడతారు. అది ఆమె పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. వీళ్ళు వీధి మలుపు దాకా పోట్లాడుకున్నారు. అంటే సినిమా వాళ్ళను ఎక్కడో పట్టుకుందన్నమాట.

సామాన్ల గదిలోంచి పాత నల్లబోర్డు లాక్కొచ్చి గేటు పక్కన నిలబెట్టింది. పైన 'చూసినవాళ్ళ మాట, మీదీ రాయండి' అని రాసి, కింద నిన్న విన్నవి విన్నట్టే ఎక్కించింది. పదకొండు నిమిషాలూ ఎక్కింది, పట్టేసిన గొంతూ ఎక్కింది, పెద్దాయన చూడని వంతెన దెబ్బా ఎక్కింది.

ప్రొజెక్టర్ నడిపే బాబాయి చదివి నెత్తి పట్టుకున్నాడు. "తిట్లు కూడా రాశావేంటే అమ్మాయ్?"

"పొగడ్తలే రాస్తే మనమే రాసుకున్నామంటారు బాబాయ్."

పదింటికి ఓనరు రానే వచ్చాడు. బోర్డు చూసి మొదటిసారి గొంతు పెంచాడు. "మన సినిమాని మనమే తిట్టుకుంటామా? తుడిచెయ్." ఆమె కదలకపోయేసరికి తనే గుడ్డ తీసుకున్నాడు.

అంతలో దారినపోయే ఇద్దరు ఆగారు. ఒకతను పైకి చదివాడు. "పదకొండు నిమిషాలేనట. దీనికి టికెట్టు కూడానా?"

"భయపెట్టడానికి ఎంతసేపు కావాలేంటి? నీకు మీ ఆవిడ ఒక్క చూపు చాలదూ?" అన్నాడు రెండోవాడు.

"సరే పద, చూసే తేల్చుకుందాం."

ఇద్దరూ టికెట్ల కంత దగ్గరికి నడిచారు. ఓనరు చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఆటకు, రెండు డ్యూటీల మధ్య కాస్త చల్లగా కూర్చుందామని ఓ బస్సు డ్రైవరమ్మ వచ్చింది. ఖాకీ చొక్కా, చంకలో నీళ్ళ సీసా. ఆట వదిలాక అందరికంటే చివర బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుని, బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది టికెట్టక్క.

డ్రైవరమ్మ చాక్‌పీసు అందుకుని రాసింది: 'పదిహేడేళ్ళుగా బస్సు నడుపుతున్నా. ఇరుకు సందులో ఆ రివర్సు సరిగ్గా అలాగే తీస్తారు. ఈ సినిమా తీసినాయన బస్సెక్కిన మనిషే. మృగం సంగతి నాకు తెలీదు. మా గురించి ఇంత బాగా ఎవరూ తీయలేదు.'

చాక్‌పీసు తిరిగిచ్చి, "రేపు సాయంత్రం ఆటకి సీట్లున్నాయా?" అంది.

"బోలెడున్నాయి."

"ఉంచండి. మావాళ్ళని తీసుకొస్తా."

ఆదివారం ఐదింటికల్లా హాలు ముందు ఖాకీ చొక్కాలు కనిపించాయి. మొదట పదిమంది, ఆ తర్వాత గుంపులు. డ్రైవర్లు, కండక్టర్లు, డిపో మెకానిక్కులు, వాళ్ళ అత్తలూ పిల్లలూ. బోర్డు చదివి, మృగం పదకొండు నిమిషాలేనా కాదా అని పందెం కాసుకున్నవాళ్ళు వేరే. వాచీలతను రెండోసారి వచ్చాడు. "మళ్ళీ ఓసారి టైం చూద్దామని," అన్నాడు మొహం పక్కకు తిప్పుకుని. టికెట్టక్క చేతులు ఆగలేదు. ఉన్నట్టుండి చూస్తే కట్టలో కాగితం మిగల్లేదు. మూడొందల అరవై సీట్లూ అయిపోయాయి. 'హౌస్ ఫుల్' బోర్డు ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. బాబాయి అటకంతా గాలించి, దుమ్ముకొట్టుకుపోయి తెచ్చాడు.

ఆమె కంత మూసి, ఆ సినిమా చూడ్డానికి మొదటిసారి లోపలికి వెళ్ళింది. చోటు లేక వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పక్కనే ఓనరు కూడా నిలబడే ఉన్నాడు.

తెర మీద మృగం పాదం పడింది. వీధి దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ముందు దారి మూసుకుపోయింది. బస్సులో రోగులు ఊపిరి బిగబట్టారు. సినిమాలోని డ్రైవరమ్మ అద్దంలో చూసి, గేరు మార్చి, సందులోకి వెనక్కి తిప్పింది.

హాల్లో ఎక్కడో ఓ కండక్టరు గొంతు వినిపించింది: "రానీ... రానీ..."

దానికి ఇంకో గొంతు కలిసింది. ఇంకో పది కలిశాయి. "రానీ... రానీ... కొంచెం ఎడమకి... రానీ..." మూడొందల అరవై మందీ కలిసి ఆ బస్సును సందులోకి తీసుకొచ్చారు. గోడకు బెత్తెడు దూరంలో బస్సు ఒడుపుగా తిరిగి బయటపడగానే హాలంతా ఒక్కసారిగా "రైట్ రైట్" అంది. ఆ హోరులో మృగం అరుపు ఎవరికీ వినపడలేదు.

టికెట్టక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వూ ఆగలేదు.

సినిమా సోమవారం ఆగలేదు. ఆపై సోమవారమూ ఆగలేదు. మూడో వారంలో ఓనరు టికెట్ల గదిలోకి వచ్చి, తనే ఓ కుర్చీ లాక్కుని కూర్చుని, రాబోయే సినిమాల జాబితా ఆమె ముందు పరిచాడు.

"ఇక నువ్వే చూసి చెప్పు," అన్నాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది.