ఇంజిన్‌లోకి దిగిన అత్తగారు

పొద్దున టీలు కాగానే కోడలు మెకానిక్ షెడ్డు తలుపు ఎత్తేది. అత్తగారు లోపలంతా ఊడ్చేవారు. నట్టు ఏదైనా చేజారి బీరువా కిందికి దొర్లితే, అత్తగారు బొటనవేలంత అయిపోయి దూరేవారు. దాన్ని దొర్లించుకుంటూ బయటికొచ్చి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ మామూలు మనిషయ్యేవారు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు కోడలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా చెప్పలేదు. రెండూ తనే చూసి తెలుసుకుంది.

ఆ వారం రేవులో పడవ ఇంజిన్‌ని మొగుడూ పెళ్లాలిద్దరూ మొత్తం విప్పి కొత్తగా కట్టారు. క్యామ్ షాఫ్టు తిరిగే బుష్‌లు, అంటే ఆయిల్ పోవడానికి కన్నమున్న లోహపు కడియాలు, మొగుడు దిగ్గొట్టాడు. పై భాగమంతా కోడలు బిగించింది. స్టార్టు చేయగానే ఇంజిన్ అందుకుంది. పడవ నడిపే సరంగు సంతోషం పట్టలేక ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపేశాడు.

తీరా పడవ నది మధ్యకి వెళ్లేసరికి ఇంజిన్ పైనుంచి టకటకా చప్పుడు. సరంగు ఆపేసి, గెడ వేసుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

"రేపు తనిఖీ చెల్లెమ్మా. ఇందులో తప్పితే రేవే మూసేస్తారట. ఇక నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి."

ఇంజిన్‌ని షెడ్డుకి తెచ్చి కోడలు పైమూత విప్పింది. వాల్వుల్ని నొక్కే రాకర్లు ఎండిపోయి, వేడికి నీలం తిరిగాయి. ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు మాత్రం ఉండాల్సిన చోటే ఉందని సరంగు ఒట్టేసి చెప్పాడు.

"అంటే పంపు మంచిదే. కింద ప్రెషర్ ఉంది, పైకి ఆయిల్ ఎక్కట్లేదు. దారిలో ఎక్కడో అడ్డుపడింది," అంది కోడలు.

"నువ్వు గాస్కెట్ తిరగేసి పెట్టుంటావు," అన్నాడు మొగుడు.

"మీరే బుష్ పక్కకి కొట్టుంటారు."

"నేనా!"

"తేల్చుకోండి మీరిద్దరూ. ఈలోపు నేను చూసొస్తాను," అన్నారు అత్తగారు. టార్చి పట్టుకుని, టార్చితో సహా చిన్నదైపోయి, ఆయిల్ కన్నంలోకి దిగారు.

ముగ్గురూ ఇంజిన్ మీదికి వంగారు.

"అత్తయ్యా, గాస్కెట్ దాటారా?"

"దాటానమ్మాయ్, దారి శుభ్రంగా ఉంది. అయ్యో, ఇక్కడ గోడొచ్చింది!"

"ఎలాంటి గోడ?"

"కొత్తది, తళతళా మెరుస్తోంది. పక్కన గోరంత సందుంది. బుష్‌కున్న కన్నం ఆ పక్కకి జరిగిపోయిందే!"

ఆవిడ లోపలి నుంచి టార్చితో కొట్టారు. కోడలు ఇంజిన్ బ్లాకుకి చెవి ఆనించి విని, నడిమి బుష్ మీద వేలు పెట్టింది.

అత్తగారు నల్లగా, నూనె ఓడుతూ పైకొచ్చారు. కొడుకుని ఎగాదిగా చూశారు. "కొట్టినవాడెవడో గానీ బలంగానే కొట్టాడు. కళ్లు మాత్రం ఇంట్లో మర్చిపోయొచ్చాడు."

సరంగు పకపకా నవ్వాడు. మొగుడూ తల గోక్కుంటూ నవ్వేశాడు.

షాఫ్టు ఊడదీసి పాత బుష్ తీసేశారు. ఈసారి బ్లాకులో కన్నం ఎక్కడుందో చాక్‌పీసుతో గీత గీసి, కొత్త బుష్ కన్నాన్ని ఆ గీతకి సరిపెట్టి, వంకర పోకుండా నిదానంగా దింపారు. మొగుడు తీగ దూర్చి చూశాడు. అడ్డు తగలకుండా దిగింది. షాఫ్టు మళ్లీ వేసి వేళ్లతో తిప్పితే తిరిగింది. కొత్త రాకర్లు బిగించాక, ఇంజిన్ స్టార్టు చేయకుండానే కోడలు పంపుకి డ్రిల్లు తగిలించి తిప్పింది. రాకర్లన్నిటి మీదా ఆయిల్ ఉబికింది.

"వచ్చింది! వచ్చింది!" అని సరంగు గెంతాడు.

మర్నాడు తనిఖీకొచ్చిన అధికారి పడవ ఎక్కి, ఇంజిన్ చప్పుడు విని తలాడించాడు.

"బాగుంది. దీని లోపల చూసేదెవరు?"

సరంగు ఒడ్డున నిలబడ్డ అత్తగారిని చూపించాడు. "ఆ పెద్దమ్మే సార్. నిన్న కూడా దిగి చూశారు."

"అయితే ఆవిడని జీతానికి పెట్టుకోండి, రోజూ పడవలో ఉండాలి. లైఫ్ జాకెట్లు ఎంత అవసరమో ఇదీ అంతే," అనేసి అధికారి దిగిపోయాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. "ఈ వయసులో ఉద్యోగమేమిటే? అసలు నేను అవతలి ఒడ్డే చూడలేదు."

"ఇంకేం, జీతమిచ్చి మరీ చూపిస్తామంటున్నారు. వెళ్లండత్తయ్యా!"

ఆవిడ ఎక్కారు. సరంగు తన టోపీ తీసి ఆవిడ తలకి పెట్టాడు. కొడుకు ఒడ్డున ఈల వేశాడు. పడవ కదిలింది. దూరమయ్యేకొద్దీ పడవా, జెండా, సరంగూ చిన్నవైపోతున్నా, ముందు నిలబడి రెండు చేతులూ ఊపుతున్న అత్తగారు మాత్రం కోడలి కంటికి రవ్వంత కూడా తగ్గలేదు.