ఎప్పట్నుంచో ఉన్నదే లెండి

అద్దె కట్టనివాడి సామాను వీధిలో పెట్టడం మీరు చూసే ఉంటారు. మనిషిని పెట్టడం మేము చూశాం. పట్టపగలు పదకొండు గంటలకి, అద్దాల ఆసుపత్రి గేటు ముందు.

ఇద్దరు గార్డులు స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చారు. దాని మీద మెడ నుంచి తొడల దాకా కట్లు కట్టిన మనిషి. ఒకడు భుజాలు పట్టాడు, ఒకడు కాళ్ళు పట్టాడు. ఒకటి, రెండు అనుకుని రోడ్డు పక్కన అరుగు మీదకి దించారు. స్ట్రెచర్ ఆసుపత్రిది కాబట్టి వెనక్కి తోసుకుపోయారు. చేతికి గుచ్చిన సూది కూడా ఆసుపత్రిదే కాబట్టి దాన్నీ పీక్కుపోయారు. ఆ చోట రక్తం చిమ్ముతుంటే మా అక్క బొటనవేలితో అదిమి పట్టుకుని కూర్చుంది.

ఆయన మా బావ. ఇనుము పోత ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ గరిటె బావ అనే పిలుస్తారు. కరిగిన ఇనుమును బట్టీ దగ్గర్నుంచి పెద్ద గరిటెలో మోసుకొచ్చి ఇసుక అచ్చుల్లో పోయడం ఆయన పని. ఇరవై ఏళ్ళుగా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. ఇంట్లో మాత్రం చారు పోస్తే సగం నేలకే. "ఫ్యాక్టరీ గరిటెకున్న మర్యాద నా గరిటెకి లేదు" అని అక్క దెప్పేది.

నాలుగు రోజుల కిందట ఏం జరిగిందో చెబుతాను. ఆ పొద్దుటి అచ్చు ఇంకా తడి ఆరలేదు. మాలో పెద్దాయన అచ్చుల తాత ఇసుకలో వేళ్ళు పెట్టి చూసి, "ఇంకో గంట ఆగాలి" అన్నాడు. ఆ వేళ్ళు తప్పు చెప్పగా మేమెవరం ఎరగం. కాంట్రాక్టరు బయట ఆగిన లారీని చూపించి, "నీ వేళ్ళ కోసం లారీ ఆగదు తాతా, పొయ్యమను" అన్నాడు.

బావ పోశాడు. తడి ఇసుక మీద ఇనుము పడింది. లోపలి నీళ్ళు ఆవిరై అచ్చు మొత్తాన్ని పైకి ఎగదన్నాయి. ఇనుము రేకుల కప్పు దాకా లేచి, వానై తిరిగి కురిసింది. బావ ఒళ్ళంతా అంటుకుంది. అయినా గరిటె వదల్లేదు. వదిలితే అది పక్కన ఇసుక జల్లించే ఆడవాళ్ళ మీద పడుతుంది. ఆ ఆడవాళ్ళలో మా అక్క ఉంది. గరిటెను కొక్కేనికి తగిలించి, అప్పుడు పడిపోయాడు. మేము చొక్కా లాగితే చర్మం కూడా వచ్చింది.

మా అందరికీ కార్డులున్నాయి. జబ్బు చేస్తే అద్దాల ఆసుపత్రి చూస్తుందని, కంపెనీ జీతాల్లో కోసి బీమావాళ్ళకి కడుతుంది. ఏడాదికేడాది కోత పెరిగింది, కార్డు మీద చేస్తామన్న వైద్యం తరిగింది. అయినా కార్డు ఉంది కదా అని ధైర్యం. బావను చేర్చుకున్నారు. మూడో రోజు ఊపిరి అందడం కష్టమైంది. అప్పుడు బీమా ఆఫీసరొకడు కాగితాలు పట్టుకుని అక్క దగ్గరకొచ్చాడు. మంచిగా మాట్లాడాడు. కుర్చీ వేయించాడు.

"మీ ఆయనకి దగ్గుందా అమ్మా?"

"ఆ, కాస్త."

"ఎప్పట్నుంచి?"

ఇక్కడ మా సంగతి మీకు తెలియాలి. నొప్పి గురించి ఎవరడిగినా మేము అనే మాట ఒకటే. నడుం పట్టేసినా, కాలు వాచినా, కంట్లో నలుసు పడి పుండైనా, "ఎప్పట్నుంచో ఉన్నదే లెండి" అంటాం. అడిగిన మనిషి బాధపడకూడదని, మన బరువు వాళ్ళ నెత్తిన పెట్టకూడదని. అది రోగం సంగతి చెప్పడం కాదు, మర్యాద. మా అక్క కూడా ఆ మర్యాదే చేసింది.

ఆఫీసరు రాసుకున్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. మర్నాడు పదకొండు గంటలకి కాగితం వచ్చింది. కార్డు తీసుకోకముందు నుంచే ఊపిరితిత్తుల జబ్బు ఉంది, అది దాచారు, కాబట్టి కార్డు రద్దు. కాగితం వెనకాలే స్ట్రెచర్ వచ్చింది.

అక్కకి తోడున్న మేమిద్దరం పంపిన కబురు ఫ్యాక్టరీకి అందిన పావుగంటకి పోత ఆగిపోయింది. బట్టీవాళ్ళు, జల్లెడ ఆడవాళ్ళు, క్రేను మనిషి, అందరూ మసి చేతులతో గేటు దగ్గరికి చేరారు. అక్క బొటనవేలు తీయకుండానే ఆఫీసరుతో మాట్లాడుతోంది.

"ఆ మాట ఊరికే అన్నాను బాబూ. కొట్టెయ్యండి."

"సంతకం ఉందమ్మా."

"దగ్గు మా ఇంట్లో పుట్టలేదు. ఫ్యాక్టరీ ఇసుక మింగితే వచ్చింది."

"అది నా పరిధి కాదు."

"మరి నీ పరిధి ఎంతయ్యా?" అని క్రేను మనిషి ముందుకొచ్చాడు. "అరుగు మీద పడేసేంత వరకేనా?"

గార్డు అతన్ని తోశాడు. అతను వెళ్ళి అక్క మీద పడ్డాడు. అక్క నుదురు గేటు ఊచకి తగిలి చీలింది. ఆ తర్వాత ఎవరు ముందు కొట్టారో నేను చెప్పలేను. కర్రలు లేచాయి. మా బట్టీ మనిషి దవడ విరిగిన చప్పుడు నా చెవి పక్కనే వినబడింది. ఇటుకలు వెళ్ళాయి, అద్దాలు రాలాయి. ఒక గార్డు మా కాళ్ళ కింద పడ్డాడు. అతని ముఖం ముఖంలా లేదు. తాత అడ్డంపడి అతని మీద పడుకోకపోతే చంపేసేవాళ్ళం. అబద్ధం ఎందుకు చెప్పాలి. "వీడి జేబు చూడండ్రా" అన్నాడు తాత. "వీడికి కార్డు కూడా లేదు."

అప్పుడొచ్చింది నర్సమ్మ. రెండు వీధుల అవతల మూతబడిన సర్కారు ఆసుపత్రిలో ఒకప్పుడు పెద్ద నర్సు. బావ ఛాతీకి చెవి ఆనించి లేచింది.

"ఇక్కడే ఉంచితే సాయంత్రం దాకా ఉండడు. నా ఆసుపత్రికి పదండి. మంచాలున్నాయి. మీ ఫ్యాక్టరీలో ఇనుము కోసే ఆక్సిజన్ బండలున్నాయి కదా, పట్టుకురండి. గొట్టాలు నా దగ్గరున్నాయి."

"ఆ ఆసుపత్రికి గొలుసు వేసి మూడేళ్ళయింది నర్సమ్మా."

"గొలుసే కదా."

ఈలోగా మా కార్మిక సంఘం నాయకుడు, మేము తెల్లచొక్కా అని పిలిచే మనిషి, చేతులెత్తాడు. వాదన అక్కడే, బావ తల పక్కనే మొదలైంది.

"తొందరపడకండి. మేనేజరుతో మాట్లాడాను. ఒక్క గంట ఆగితే కార్డు తిరిగి ఇప్పిస్తాను. ఇదే అదను. ఇంతకంటే పెద్ద కార్డు, పాత జబ్బులు కూడా కలిపిన కార్డు అడుగుదాం. సర్కారు ఆసుపత్రి తెరిపించుకుని ఏం చేస్తాం? మా అమ్మ అక్కడే వరసలో కూర్చుని పోయింది. డాక్టరు రాలేదు, మందు లేదు, అడిగే దిక్కు లేదు. ఊరందరిదీ అంటే ఎవరిదీ కాదు. మళ్ళీ ఆ నరకమా?"

చాలామంది తలలు దించుకున్నారు. అతను చెప్పింది నిజమే. ఆ వరసలో మా అందరివాళ్ళూ కూర్చున్నారు.

సంతలో మూటలు మోసే మనిషి ఒకడు గొడవ చూసి ఆగాడు. నెత్తి మీద గుడ్డ కూడా తీయకుండా అన్నాడు. "మీకు పెద్ద కార్డొస్తే సంతోషమేనయ్యా. మాకు చిన్నది కూడా లేదు. వీధులూడ్చేవాళ్ళకి లేదు. ఆ ఆసుపత్రి మూసిన రోజు మేము గేటు దగ్గర అరిచాం. మీరు కార్డులు జేబులో పెట్టుకుని సైకిళ్ళ మీద పోయారు. నేను నీ వంకే చూశాను, నువ్వు చూడలేదు."



నర్సమ్మ తెల్లచొక్కా వైపు తిరిగింది. "మీ అమ్మకి మంచినీళ్ళు తాగించింది నేనే నాయనా. డాక్టరు రాలేదన్నది నిజం. ఎందుకు రాలేదో అడిగే నోరున్నవాళ్ళందరూ కార్డుల వెనక పోయారు. నోరులేనివాళ్ళు నాకు మిగిలారు. వాళ్ళ కోసం డాక్టరును ఎవడు పంపుతాడు? అందరం ఒకే గుమ్మంలో నిలబడితే ఆ గుమ్మానికి తాళం వెయ్యడం కష్టం. కార్డంటే ఏంటనుకున్నావ్? నిన్నూ వీణ్ణీ రెండు గుమ్మాల్లో నిలబెట్టే కాగితం."

"మరి వీళ్ళ జీతాల కోత?" అన్నాడు తెల్లచొక్కా.

"ఆ కోతే అందరి దగ్గరా తీసుకుని ఆసుపత్రి నడపమను. బీమావాడి అద్దాలకి ఎందుకు?"

అక్క తలెత్తింది. నుదుటి రక్తం కంట్లోకి కారుతోంది. "నా మొగుడు మీ మాటలు వింటూ పోయేట్టున్నాడు. లేపండి."

లేపాం. మూటల మనిషి తలగుడ్డ తీసి బావ మెడ కింద పెట్టాడు. తెల్లచొక్కా ఒక్క క్షణం ఆగి, కాళ్ళవైపు చెయ్యి వేశాడు.

సర్కారు ఆసుపత్రి గొలుసు మేము అనుకున్నదానికంటే లావుగా ఉంది. సుత్తి దెబ్బకి నిప్పులు రాలాయి తప్ప తెగలేదు. తాత గొలుసు వదిలేసి గేటు తడిమాడు. అది పోత ఇనుము, ఆయన చిన్నప్పుడు మా ఫ్యాక్టరీలోనే పోసిన గేటు. సాగగొట్టిన ఉక్కు వంగుతుంది, పోత ఇనుము పగులుతుంది. వేలి కణుపుతో తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. అక్కడ చప్పుడు బోలుగా వచ్చింది. "పోసేటప్పుడు ఇక్కడ గాలి బుడగ నిలిచింది. అప్పుడే చెప్పాను మా మేస్త్రీకి. ఇక్కడ కొట్టండి" అన్నాడు. ఒక్క దెబ్బకి గేటు రెక్క గొలుసుతో సహా నేలమీదికి ఒరిగింది.

లోపల మంచాల మీద, గోదాములోలా, బీమా కంపెనీ అట్టపెట్టెలు. విప్పితే ఖాళీ దరఖాస్తులు. వాటితోనే కిటికీ పగుళ్ళు మూశాం. బండలొచ్చాయి, గొట్టం తగిలింది. మధ్యాహ్నానికి అద్దాల ఆసుపత్రి డాక్టరమ్మ ఒకామె వెనకదారిన వచ్చింది, సంచీలో సెలైన్లు పెట్టుకుని. "నా ఉద్యోగం పోయాక ఇక్కడ జీతమిస్తారా?" అని నవ్వి చేతులు కడుక్కుంది.

బావ కళ్ళు తెరిచాడు. అక్కను చూసి, "గరిటె?" అన్నాడు.

"కొక్కేనికే ఉంది. పడుకో."

మర్నాటికి ఊరు ఊరంతా వచ్చింది. జ్వరాలు, పుళ్ళు, పురుటి నొప్పులు. నర్సమ్మ పద్ధతి ఒకటే: బాగా ప్రమాదంలో ఉన్నవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వచ్చిన వరసలో. కార్డు తీసి చూపించబోయిన ఒక పెద్దమనిషికి, "అది విసురుకోండి, ఉక్కగా ఉంది" అని చెప్పింది.

మూడో రోజు ఉదయం పోలీసులు వచ్చారు. లోపలికి రాలేదు. తెలివైనవాళ్ళు. వీధి మలుపులో అడ్డుకట్టలు వేసి, మేము ఆక్సిజన్ తెచ్చే తోపుడుబండిని ఆపేశారు. బండి దగ్గర తాత ఉన్నాడు.

"ఇది ఫ్యాక్టరీ సొత్తు. దొంగతనం కేసు పెడతాను" అన్నాడు పోలీసు అధికారి.

"పెట్టుకో బాబూ. బండి పోయాక పెట్టుకో. లోపలున్న బండ అయిపోవస్తోంది."

తాత రెండు చేతులూ బండి అంచుకి బిగించాడు. లాఠీ ఆ చేతుల మీదే పడింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో వేలు. ఇసుక తడి చెప్పే వేళ్ళు, ఇనుములో బుడగ పట్టే వేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి కర్రపుల్లల్లా విరిగాయి. ఆయన అంచు వదల్లేదు. వదలడానికి వేళ్ళు ఆయన మాట వినలేదు.

మేము పరిగెత్తాం. రాళ్ళు, ఇనప ఊచలు. పోలీసులు కాల్చారు. మూటల మనిషి తొడలోంచి గుండు దూసుకుపోయింది. బండి బోర్లాపడి బండలు వీధిలో దొర్లాయి. తల పగిలిన ఒక పోలీసు మా వెంటే తడబడుతూ ఆసుపత్రిలోకి వచ్చిపడ్డాడు. మావాళ్ళు ఊచ ఎత్తారు. నర్సమ్మ ఊచకీ అతనికీ మధ్య నిలబడి, "నీకంటే ముందు ముగ్గురున్నారు. ఇది అదిమిపెట్టుకుని అక్కడ కూర్చో" అని గుడ్డ ఇచ్చింది. అతను కూర్చున్నాడు.

జల్లెడ ఆడవాళ్ళు నలుగురు ఒక బండను నేల మీద ఈడ్చుకుంటూ, వీపుల మీద దెబ్బలు తింటూ గుమ్మం దాటించారు. డాక్టరమ్మ గొట్టం మార్చింది. బావ ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి అదిమింది, చాలాసేపు అదిమింది. తర్వాత ఆపేసింది.

బయట మైకు మోగింది. "మీ మనిషి చనిపోయినట్టు సమాచారం అందింది. ఇక మీకిక్కడ పని లేదు. పది నిమిషాల్లో భవనం ఖాళీ చెయ్యండి. శవాన్ని అప్పగిస్తే కేసులు తేలిక చేస్తాం."

నిజానికి ఆ మాట మాలో కొందరికి సబబుగానే తోచింది. మేమొచ్చింది ఆయన కోసం. ఆయన లేడు. తెల్లచొక్కా కూడా గుమ్మం వైపు చూశాడు.

లోపల అక్క బావను తుడిచింది. ముగ్గురం కలిసి ఆయన్ని పక్క బల్ల మీదకి మార్చాం. అక్క మంచం మీది దుప్పటి లాగేసి, కింద రేకును తడిగుడ్డతో రెండుసార్లు కడిగింది. ఉతికిన దుప్పటి పరిచి, మూలలు లోపలికి మడిచింది. బయటికొచ్చి వరండాలో నిలబడింది. ముందు వరసలో పోలీసు టోపీలు, వాళ్ళ వెనక అద్దాల ఆసుపత్రి గార్డులు, వాళ్ళకీ అక్కకీ మధ్యలో మేము.

"మంచం ఖాళీ అయింది" అంది. "తర్వాత ఎవరు?"

ఎవరో తాతను ముందుకు నడిపించారు. ఆయన వెనక మూటల మనిషి, ఒక కాలి మీద, తెల్లచొక్కా భుజం పట్టుకుని. ఆ వెనక దవడ విరిగిన బట్టీ మనిషి. దెబ్బలు తగిలినవాళ్ళు నిలబడ్డారు, ఆ తర్వాత తగలనివాళ్ళు. వరస మెట్లు దిగింది, గేటు దాటింది, అడ్డుకట్టల దాకా వెళ్ళి పోలీసుల ఎదురుగా ఆగింది.

మైకులో ఇంకో ఐదు నిమిషాలే ఉందన్నారు.

వరస చివర నిలబడ్డ ముసలామె ముందున్నవాణ్ణి తట్టి, "కాస్త జరుగు నాయనా, వెనక ఇంకా వస్తున్నారు" అంది.