రంగు ఆరేదాకా

నానబెట్టిన వాటర్ పేపరు ముక్కను వేళ్ళ కింద అదిమిపట్టి పెయింటర్ కారు ఎడమ తలుపు మీద ఒక నలుసును అరగదీస్తున్నాడు. రంగు మీద మెరుపు కోసం క్లియర్ కోటు కొట్టిన రోజు గాల్లో తేలివచ్చి రంగులో కూరుకుపోయిన నలుసు అది. కంటికి ఆనదు, వేలికి మాత్రం తగులుతుంది. కాసేపు రుద్ది, మగ్గుతో నీళ్ళు జారవిడిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూశాడు. ఇంకా ఉంది. మళ్ళీ వంగాడు.

పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి కార్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వాలిపోయాయి. గోళ్ళ మూలల్లో ఏ సబ్బుకీ లొంగని రంగు. నెరిసిన కనుబొమల మీద ఈ వారం ఆకుపచ్చ తుంపర పడింది. అతని వెనక గోడ నిండా మచ్చలే. స్ప్రే గన్ను పట్టిన ప్రతిసారీ ముందుగా గోడ మీద ఒక విసురు విసిరి చూసుకుంటాడు. మచ్చ మీద మచ్చ పడి ఆ గోడకు తనదంటూ ఒక రంగు లేకుండా పోయింది.

"ఇంక వదిలెయ్ బావా, తలుపు అరిగిపోయి లోపల సీటు కనిపిస్తుంది," అన్నాడు డెంటర్. సొట్టలు తీసే పని అతనిది. చుట్టరికం ఏమీ లేదు. ఒకే రేకుల షెడ్డు కింద ఇద్దరికీ జుట్టు నెరిసింది కాబట్టి ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

"ఇంకొక్కటుంది."

"అవి నీ కళ్ళకే కనిపిస్తాయి. ఆవిడ వచ్చి భూతద్దం పెట్టి చూస్తుందా ఏంటి?"

పెయింటర్ మళ్ళీ మగ్గుతో నీళ్ళు జారవిడిచాడు.

కారు డ్రైవింగ్ టీచరమ్మది. వెనక తలుపు పైకి లేచే పాత చిన్న కారు. ఊళ్ళో సగం మంది స్టీరింగ్ పట్టుకోవడం అందులోనే నేర్చుకున్నారు. నేర్చుకునేవాళ్ళ భయమంతా ఎడమ పక్కనే పడేది. గేటు స్తంభం, కరెంటు స్తంభం, ఆగి ఉన్న తోపుడుబండి, అన్నీ ఎడమ వైపే. గీత పడ్డ ప్రతిసారీ ఆవిడ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపి, తప్పు తనదే అన్నట్టు నవ్వుతూ దిగేది.

"ఈసారి బ్యాంకు మేనేజరు గారండీ." లేదంటే, "కొత్త పెళ్ళికొడుకు. వెనక సీట్లో పెళ్ళాం ఉందని రెచ్చిపోయాడు."

"ఈ కారులో ఇనుము కన్నా మా బావ పెట్టిన పుట్టీయే ఎక్కువ టీచరు గారూ," అనేవాడు డెంటర్. ఆవిడ పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం అతను ప్రతిసారీ అదే మాట అనేవాడు. పెయింటర్ మాత్రం తల వంచుకుని సొట్ట చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తూ కూర్చునేవాడు. ఆవిడ వెళ్ళిపోయాక, అనాల్సిన మాటలు ఒకటొకటే నోటికి వచ్చేవి.

ఇప్పుడు ఆవిడ డ్రైవింగ్ స్కూలు మూసేసింది. దూరపు ఊళ్ళో చెల్లెలు పక్షవాతం వచ్చి మంచాన పడింది. చూసే దిక్కు లేదు. ఇల్లు ఖాళీ చేసి అక్కడికే వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు కారుకు కొత్త రంగు వేయించాలని రంగుల కార్డు పట్టుకుని వచ్చింది.

"ఏది వేయిద్దాం మేస్త్రి గారూ?"

"ఏదైనా బాగుంటుందండి."

"ఏదైనా అంటే ఏది? ఏదైనా అనే రంగు ఇందులో లేదే!"

అతను కార్డు వైపు చూడకుండానే, "ముదురు ఆకుపచ్చ," అన్నాడు.

ఆవిడ కార్డు కిందికి దించింది. "నాకు ఆకుపచ్చ ఇష్టమని మీకెవరు చెప్పారు?"

"మీరే అన్నారు. స్కూలు పేరు బాగా కనిపిస్తుందని తెల్ల కారు కొన్నాను గానీ, నా మనసు ఆకుపచ్చ మీదుండేది అని."

"ఎప్పుడన్నాను?"

మొదటిసారి కారు తెచ్చిన రోజు అన్నదని అతనికి తెలుసు. చెప్పలేదు. ఆవిడ కాసేపు అతని ముఖం వంకే చూసి, "సరే, అదే వేయండి. పైన పెట్టే పట్టీలూ పిడులూ అవీ కూడా మీ ఇష్టం," అని వెళ్ళిపోయింది.

మీ ఇష్టం అన్న మాట అతన్ని ఇరకాటంలో పెట్టింది. పెళ్ళి కార్లకూ ట్యాక్సీలకూ అంబులెన్సులకూ రంగులేశాడు. ఎవరి ఇష్టం వాళ్ళు చెప్పేవాళ్ళు, అతను వేసేవాడు. ఇంట్లోనూ అంతే. తండ్రి పోయాక ముందు అక్క పెళ్ళి అన్నారు, తర్వాత చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అన్నారు. అందరి పెళ్ళిళ్ళూ అయ్యేసరికి అతనికి సంబంధాలు రావడం మానేశాయి. భర్త పోయాక అక్క తిరిగివచ్చి అతనికి ఇంత వండిపెడుతోంది. ఈ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే కారియర్ చేతికిస్తూ, "ఊళ్ళో కార్లన్నిటికీ రంగేస్తావు, నీ తలకి మాత్రం వేసుకోవు కదరా," అంది. నవ్వుతూ మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి ఎందుకో మెత్తబడింది.

నలుసు పోయింది. తలుపు మీద కంపౌండు ముద్ద పూసి గుడ్డతో మెరుగుపెట్టాడు. వంగి చూస్తే అందులో అతని ముఖమూ, షెడ్డు రేకులూ, వాటి మధ్య ఆకాశం ముక్కా కనిపించాయి. ఇస్త్రీ చొక్కా రాగానే మేకుకు తగిలించాడు. పాత బనీనుతోనే కింద కూర్చుని, గోనెపట్టా మీద పరిచిన సామాన్లు చూడసాగాడు. స్పేర్ పార్టుల కొట్టువాడు మెరిసే క్రోమ్ పట్టీలు పంపాడు. వాటి పక్కనే కారు నుంచి తను విప్పిన పాత నల్ల సామాన్లు ఉన్నాయి. తలుపుల పిడులు, పక్కల అడ్డంగా ఉండే రబ్బరు బీడింగ్. బీడింగ్ ఊడదీసినప్పుడు దాని కింద ఎండ తగలని తెలుపు కొత్త పాలలా కనిపించింది. ఆవిడ మొదటిసారి కారు దిగిన నాటి తెలుపు అదే. దాన్ని పేపరుతో గీకెయ్యడానికి ఆ పూటంతా చెయ్యి రాలేదు.

"క్రోమ్ పెట్టు బావా. పెళ్ళికూతురిలా ఉంటుంది," అన్నాడు డెంటర్.

"ఎండలో కళ్ళల్లో పొడుస్తుంది. దూరం వెళ్ళాలి ఆవిడ."

"పిడులకైనా పచ్చ కొట్టకపోయావా?"

"గోరు తగిలితే గీతలు పడతాయి. నలుపే మంచిది."

అద్దాల తొడుగులకు మాత్రం నిన్ననే పచ్చ రంగు వేసి ఆరబెట్టాడు. వాటిని బిగించి, బీడింగ్ చేతిలోకి తీసుకున్నాడు. పాతది కాదు, అంతకన్నా వెడల్పుగా మందంగా ఉన్న కొత్త నల్ల రబ్బరు. తనే వెళ్ళి ఏరి తెచ్చాడు. డెంటర్ సుత్తి కింద పడేశాడు.

"అద్దంలాంటి తలుపు చేసి దానికి అడ్డంగా ఈ నల్ల పట్టీనా? ఈ రోజుల్లో ఎవడు పెడుతున్నాడు చెప్పు!"

"ఆ ఊళ్ళో గీత పడితే ఎవరు చూసుకుంటారు బావా?"

డెంటర్ సుత్తిని కాలితో పక్కకు నెట్టాడు. వచ్చి బీడింగ్ రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ పట్టీ ఒక్క వెంట్రుక వాసి కూడా వంకర పోకుండా, తలుపు పొడుగునా అంటించి బొటనవేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళారు.

మధ్యాహ్నం ఎండ వాలాక టీచరమ్మ ఆటో దిగింది. చేతిలో ఒక సంచి. మిగతా సామాను లారీలో ముందే వెళ్ళిపోయిందట. కారు చూసి రోడ్డు మీదే ఆగిపోయింది. తర్వాత చుట్టూ తిరిగింది. ఎడమ వైపు వచ్చి నల్ల పట్టీ మీద వేలు పెట్టి, ముందు నుంచి వెనక దాకా మెల్లగా నడిచింది.

"ఇది ఇంత మందంగా ఉందేం?"

"మీ ఎడమ పక్కకి గీతలు అలవాటు కదండీ," అన్నాడు డెంటర్. ఆవిడ నవ్వింది. ఈసారి పకపకా కాదు.

"ఒక్క పని మిగిలింది. నా వైపు ఉన్న పెడల్ తీసేయండి. ఇక పక్కన కూర్చుని తొక్కాల్సిన అవసరం లేదు."

నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర అదనంగా బిగించే బ్రేకు అది. డెంటర్ పానా తీసుకుని సీటు కిందికి దూరాడు. పెయింటర్ అటు చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడో ఒక తెల్లవారుజామున, కార్ల మధ్య బతుకుతూ నడపడం రాకపోతే ఎలా అని ఆవిడ అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. ఖాళీ మైదానంలో బండి గోడ మీదికి పోతుంటే అతని కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఆవిడ తన కాలితో బ్రేకు తొక్కి, "భయమెందుకు, నేనున్నాగా," అంది. మర్నాడు పని ఎక్కువగా ఉందని కబురు పంపి అతను నేర్చుకోవడం మానేశాడు. ఆ మాట మాత్రం చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

డెంటర్ పెడల్ బయటకు తీసి నేల మీద పెట్టి, టీ తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. టీ కొట్టు పక్కనే ఉన్నా చాలాసేపు రాలేదు.

"జాగ్రత్తలేమైనా చెప్పాలా మేస్త్రి గారూ?"

"కొన్నాళ్ళు మైనం పాలిష్ పెట్టించకండి. రంగు లోపల ఇంకా గట్టిపడాలి. మెత్తటి గుడ్డతోనే తుడవండి."

"ఇంకా?"

"చెట్టు కింద ఆపకండి. పిట్టలు రెట్ట వేస్తే వెంటనే కడిగేయండి. మచ్చ పడుతుంది."

"ఇంకేం లేవా?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"మా వీధి చివర్లో కూడా ఒక షెడ్డు ఉంది," అంది ఆవిడ, కారు వైపు చూస్తూ. "పెద్దదే. గీత పడ్డ ప్రతిసారీ దాన్ని దాటుకుని, ఊరి ఈ చివరికి ఎందుకొస్తున్నానో మీరెప్పుడూ అడగలేదు."

రోడ్డు మీద బస్సు పోయింది. దాని చప్పుడు పూర్తిగా అణిగాక అతను అడిగాడు.

"వెళ్ళక తప్పదా?"

ఆవిడ అతని వైపు తిరిగింది. కళ్ళు చెమ్మగిల్లినా ముఖం ఎంతో తేలికపడింది.

"ఈ మాట అడుగుతారేమోననే రంగు ఆరేదాకా ఆగాను. లేకపోతే పాత రంగుతోనే పోయేదాన్ని." సంచి చెయ్యి మార్చుకుని, "తప్పదండీ. చెల్లికి నేను తప్ప ఎవరూ లేరు," అంది.

అతను తలూపాడు. ఆవిడ అతని భుజం మీద అంటిన కంపౌండు పొడిని చేత్తో దులిపి, కుడి తలుపు తెరిచి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఎడమ సీటు ఖాళీగా ఉంది. కారు మెల్లగా రోడ్డెక్కింది. మలుపు దగ్గర తొందరపడకుండా సిగ్నల్ వేసి, తన దగ్గర నేర్చుకున్న అందరికీ చెప్పినట్టే రెండు వైపులా చూసి తిరిగింది.

డెంటర్ చల్లారిన టీతో వచ్చాడు. పెయింటర్ ముఖం చూసి గ్లాసు పక్కన పెట్టాడు. నేల మీది పెడల్ను కాలితో చూపించి, "పాత ఇనుములో వేసెయ్యనా?" అన్నాడు.

"ఉండనీ బావా."

పెయింటర్ దాన్ని తీసి, మట్టి దులిపి, రంగు డబ్బాలు సర్దిన బల్ల మీద ఒక డబ్బా జరిపి పెట్టాడు. నల్ల రబ్బరు మీద గళ్ళు చుట్టూ పదునుగానే ఉన్నాయి. ఆవిడ చెప్పు ఆనే కుడి మూల మాత్రం అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది.