పుస్తకం పుచ్చుకుంటేనే అవతలి రేవు

రెండువేల నాలుగులో సఖినేటిపల్లి రేవు నుంచి గోదావరి దాటి నర్సాపురం వెళ్ళే పొద్దుటి పంటు అంటే కాలేజీ పిల్లలు, సైకిళ్ళు, పాలక్యాన్లు, కోర్టు గుమాస్తా చిట్టియ్యగారు, పూలబుట్టతో దేవకుమారి. వీళ్ళ మధ్య కమ్మీకి ఆనుకుని ఉషారాణి. ఇంటర్ రెండో ఏడాది. చేతిలో ఎప్పుడూ పాత పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి. అందులో రెక్కల గుర్రాలైనా ఉంటాయి, పిల్లల్ని నంబర్లతో పిలిచే పాడు రాజ్యాలైనా ఉంటాయి. చదివింది కడుపులో దాచుకునే రకం కాదు ఈ పిల్ల. పంటు కదలగానే, "ఇది నువ్వు చదివి తీరాలే!" అని స్నేహితురాలు పావని మీద పడేది.

ఉషారాణి ఒక పుస్తకం ఎత్తుకుందంటే, ఎవరో ఒకరు "ఇటివ్వమ్మా, నేను చదువుతా" అనేదాకా పంటు ఒడ్డు చేరదు. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు వెనక్కి పోతూనే ఉంటాయి, నర్సాపురం మాత్రం ఉన్నంత దూరంలోనే ఉంటుంది. పంటు నడిపే బుల్లబ్బాయి, "ఎవరో ఒకళ్ళు పుచ్చుకోండి బాబూ, డీజిలు కాలిపోతంది" అనేవాడు. తొందరున్న వాళ్ళు చెయ్యి చాచేవారు. ఇంగ్లీషు రాని వాళ్ళు ఇంట్లో పిల్లల చేత చదివించుకునేవారు. అలా మొహమాటానికి పుచ్చుకున్న చిట్టియ్యగారు ఇప్పుడు డ్రాగన్ల విషయంలో జడ్జిగారితోనైనా వాదించగలడు.

ఆ సోమవారం పావని పక్కన వాళ్ళ నాన్న పల్లంరాజు ఉన్నాడు. చేపల వేటకెళ్ళే మనిషి, పంటు ఎక్కడమే అరుదు.

"ఏం బాబాయ్, నువ్వొస్తున్నావేంటి?" అంది ఉషారాణి.

"దీని టీసీ తీసుకోడానికమ్మా. వేటలో ఏం పడతం లేదు. రేపట్నించి రొయ్యల షెడ్డుకి పంపిస్తన్నాను."

పావని తలెత్తలేదు. షెడ్డు సంగతి ఉషారాణికి తెలుసు. షెడ్డంటే తెల్లారి కూర్చుంటే పొద్దుగూకేదాకా రొయ్యలు ఒలవడమే, వేళ్ళు నాని పగిలిపోతాయి. పైగా పావని లేని పంటా! బావురుమని ఏడవాలనిపించింది. ఏడిస్తే ఏమొస్తుంది? సంచిలోంచి పుస్తకం తీసింది.

"బాబాయ్, ఒక ఊరు. చుట్టూ గోడ. పదహారేళ్ళు నిండగానే ప్రతి పిల్ల ఇంటి ముందూ గంట మోగుతుంది. పెద్దలు ఏ పని రాసిపెడితే చచ్చేదాకా అదే పని. ఒక పడవవాడి కూతురు చుక్కల లెక్కలు నేర్చుకుంటోంది. దానికి ఉప్పు కొట్టంలో పని పడింది. పిల్లని గుమ్మం దాటించాల్సింది కన్నతండ్రే, అదీ ఆ ఊరి రూలు. పొద్దున్నే ఆ తండ్రి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు."

అక్కడితో ఆపేసింది.

"వేసి?" అన్నాడు పల్లంరాజు.

"చెప్పను. చదవాలి."

"చెప్పకపోవడమేంటెహె!"

"చెప్పేస్తే ఇంక పుస్తకం ఎవరు పుచ్చుకుంటారు బాబాయ్?"

పల్లంరాజు ఒడ్డుకేసి చూశాడు. కదిలితే కదా! "ఎవరైనా పుచ్చుకోండయ్యా, ఆఫీసు మూసేస్తారు" అన్నాడు.

"కళ్ళజోడు పగిలిందండి" అన్నాడు చిట్టియ్యగారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"నాకు పాతదే అవ్వలేదన్నయ్యా" అంది దేవకుమారి.

బుల్లబ్బాయి డీజిలు ఊసే ఎత్తలేదు. కోర్టు వేళ దాటిపోయింది, బుట్టలో కనకాంబరాలు వాడిపోతున్నాయి, అయినా ఒక్కళ్ళూ చెయ్యి చాచలేదు. ఉషారాణికి వాళ్ళందరి కాళ్ళకీ దణ్ణం పెట్టాలనిపించింది.

ఎండ నడినెత్తికొచ్చింది. పల్లంరాజు ముందుకెళ్ళాడు, వెనక్కొచ్చాడు, చివరికి ఉషారాణి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ తండ్రి గొళ్ళెం తీశాడా, లేదా? అదొక్కటి చెప్పు."

"ఊహూ."

"చంపేస్తన్నావు కదే!" అని రెండు చేతులూ చాచాడు. "ఇటివ్వు. నేనే పుచ్చుకుంటా."

పంటు రేవుకి తగిలింది.

పల్లంరాజు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి చేతిలో పెట్టాడు. "చదివి చెప్పు." పావని అక్కడే గట్టు మీద కూర్చుని ఒక్కో వాక్యం చదివి, తెలుగులో చెప్పసాగింది. చిట్టియ్యగారు వాయిదా మాట మర్చిపోయి చెవొగ్గాడు. రెండో పేజీలో పావని ఆగిపోయింది.

"ఈ మాటకి అర్థం తెలీదు నాన్నా."

"మరెవరికి తెలుస్తాది?"

"మా ఇంగ్లీషు మేడమ్‌కి."

"గొళ్ళెం సంగతి ఎక్కడొస్తాది?"

"ఇంకా చాలా దూరం బాబాయ్," అంది ఉషారాణి. "ఇది మొదటి భాగమే. మొత్తం నాలుగు."

పల్లంరాజు కూతురి వేళ్ళు పేజీ మీద ఎక్కడ ఆగాయో అక్కడే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, విసవిసా కాలేజీకి నడిచాడు. పిల్లలిద్దరూ వెనకాల పరుగు.

"టీసీ కోసం వచ్చారాండి?" అనడిగాడు కిటికీ లోపల క్లర్కు.

"కాదండి," అన్నాడు పల్లంరాజు, పక్క గదుల వాళ్ళు కూడా తొంగిచూసేంత గట్టిగా. "మా అమ్మాయిని క్లాసులో కూర్చోబెట్టడానికొచ్చానండి. నాకు నాలుగు పుస్తకాలు చదివి పెట్టాలండి అది. బాగా చదివించండి!"

ఉషారాణి వరండాలో ఎగిరి గంతేసింది.