ఆరు రోజులు దాచిన రిపోర్టు

2001 ఆగస్టులో ఒక శుక్రవారం, రిపోర్టు రిజిస్టరు పోస్టులో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. నా కూతురు సాయిదుర్గ లోపల పడుకునుంది. అల్లుడు హరిబాబు చేపల చెరువుల దగ్గరికి వెళ్లాడు.

దుర్గకి రక్త కేన్సరు. రాజమండ్రి ఆసుపత్రిలో మొదటి విడత మందు ఎక్కించి ఇంటికి పంపారు. ఎముక మూలుగ హైదరాబాదు పంపామనీ, అందులోని క్రోమోజోములు చూస్తే జబ్బు ఎటు పోతుందో తెలుస్తుందనీ, దాన్నిబట్టే రెండో విడత అనీ, రిపోర్టు రాగానే పట్టుకు రమ్మనీ డాక్టరుగారు చెప్పారు.

నేను బడికి వెళ్లలేదు. పొట్లాల కాగితాలు చూసి తెలుగు, దుర్గ పుస్తకాలు చూసి ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. కవరు చింపాను. ఫొటోలో దారపు తుంపుల్లాంటివి జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. ఎనిమిదో జతకీ, ఇరవై ఒకటో జతకీ బాణం గుర్తులు. ఆ రెండు జతల్లోనూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నలభై ఏళ్లుగా నరసాపురంలో లేసు ముక్కల్లో తప్పులు పట్టడమే నా పని. ఒక్క వరస తేడా వచ్చినా ఆ ముక్క తీసి పక్కన పడేస్తాను. కింద 'ఎబ్‌నార్మల్' అని కూడా ఉంది.

చూపిస్తే మళ్లీ ఆసుపత్రికి తీసుకెళతారు. మా ఆయన్నీ, తమ్ముణ్నీ అలాగే పంపాను. గోదావరి రేవు దాటి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు మళ్లీ నడిచి ఇంటికి రాలేదు. ఎటూ దక్కనిదైతే నా కళ్ల ముందే ఉండనీ అనుకుని కవరు బియ్యం డబ్బాలో పెట్టాను.

హరిబాబు రోజూ అడిగేవాడు. రాలేదనేదాన్ని. దుర్గ రెండు ముద్దలు ఎక్కువే తింటోంది.

"ఏంటమ్మా, అస్తమానం అలా చూస్తావు? నేనేమైనా లేసు ముక్కనా?" అని నవ్వింది ఒకసారి.

ఆరో రోజు హరిబాబు హైదరాబాదు ల్యాబుకి ఫోను చేశాడు. రిపోర్టు అందినట్టు మాణిక్యాంబ అని నేను సంతకం పెట్టిన పోస్టు కార్డు వాళ్ల దగ్గరుందట. బియ్యం డబ్బాలోంచి కవరు తీసిచ్చాను. అతను కారు మాట్లాడుకొచ్చాడు. ముగ్గురం రాజమండ్రి వెళ్లాం.

డాక్టరుగారు ఫొటో వెలుతురులో పెట్టి చూశారు.

"ఎనిమిదోదాని ముక్క ఇరవై ఒకటోదానికీ, దానిది దీనికీ మారాయండి. ఈ జబ్బులో వచ్చే మార్పుల్లో ఇది కాస్త మంచి రకం. మందుకి లొంగుతుంది. సగం మందికి పైగా నిలబడతారు."

"మిగతావాళ్లండి?" అన్నాను.

ఆయన కవరు మీది పోస్టు ముద్ర చూశారు. "ఇది ఎప్పుడు చేరిందండి?"

హరిబాబు కంటే ముందు నేనే చెప్పాను. తప్పు పడ్డది ఇక పనికిరాదనుకున్నాననీ చెప్పాను. దుర్గ నా వైపు తిరిగి చూసింది. వచ్చిన రోజే తెచ్చుంటే ఈపాటికి మందు పడేదన్నారు డాక్టరుగారు. ఆలస్యంతో ఏమైనా చెడిందో లేదో మూలుగ మళ్లీ చూస్తేగాని తెలీదట.

మూలుగ తీశారు. సాయంత్రానికల్లా మందు మొదలుపెట్టారు. నేను మంచం పక్కనే నిలబడ్డాను.

"నువ్వెళ్లమ్మా," అంది దుర్గ.

ఇంటికా అని అడిగాను.

"బయట బెంచీ మీద కూర్చో. రేపు ఏ కాగితం వచ్చినా నువ్వు ముట్టుకోకు. నేనే చదువుకుంటాను."

వెళ్లి కూర్చున్నాను. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.